దోవకిచ్చిన గుళిక

పరగోడు తిమ్మరాయప్ప భార్య లక్ష్మీనరసమ్మకు జబ్బు రావడం మానేసి చాలా కాలమయింది. అంతకు ముందు అందరికీ వచ్చినట్టే ఆమెకూ తలనొప్పులు, జ్వరాలు వచ్చేవి. ఆమె మేనమామ కొడుకు వెంకటేశప్ప బాగేపల్లి సర్కారీ ఆస్పత్రికి డాక్టరుగా వచ్చిన కొత్తలో ఒకసారి ఆమెకు చలిజ్వరం తగిలింది. ఆ సంగతి విని ఆయన సీసా నిండా మందు పంపించాడు. తిమ్మరాయప్ప ఆ సీసాను పశువుల కొట్టం వెనక్కి తీసుకుపోయి గోడవార పారబోశాడు. పెరట్లో రాగులు చెరుగుతున్న భార్య చూసింది. ఆమె చేతిలో చేట ఆగలేదు. చూశానని ఆమె అనలేదు, పారబోశానని అతనూ అనలేదు. ఆ తరువాత ఆ ఇంట్లో ఆమెకు జబ్బన్నది లేదు.

వెంకటేశప్ప చేసిన తప్పేమిటని అడిగితే తిమ్మరాయప్ప చెప్పగలిగింది ఏమీ లేదు. ఉన్నదల్లా వరస. ఆమె పుట్టిన కెంచార్లహళ్ళిలో ఆమె ఇంటికీ మేనమామ ఇంటికీ మధ్య ఒక గోడే అడ్డం. ఉయ్యాలలో ఉన్ననాటి నుంచి ఆ పిల్ల ఆ పిల్లవాడికేనని అందరూ అనుకున్నారు. వాడు డాక్టరు చదువుకని వెళ్ళాడు. చదువు సాగుతూనే ఉంది. పిల్ల తండ్రి కాచుకోలేక, చిత్రావతి ఒడ్డున నీటి భూమి ఉన్న తిమ్మరాయప్పకు ఇచ్చి చేశాడు.

పెళ్ళిలో వాళ్ళకొక ఆచారం ఉంది. పిల్లను కట్టుకునే వరస గల మేనబావ ఉంటే, ముందు అతనికి తాంబూలమిచ్చి ఒప్పించుకోవాలి. అప్పుడే పెళ్ళికొడుకు పీట మీద కూర్చోవాలి. తాంబూలం అందుకుంటూ వెంకటేశప్ప పందిరంతా వినేలా, “మా ఇంటి బంగారం నీ చేతిలో పెడతాండా అన్నా. గీటు పడనీకుండా చూసుకో” అన్నాడు. పందిరి గొల్లున నవ్వింది. తల వంచుకుని కూర్చున్న పెళ్ళికూతురు కూడా నవ్వింది. ముఖం కనిపించలేదు గానీ భుజాలు కదిలాయి. ఆ భుజాలు కదలడం తిమ్మరాయప్ప మరిచిపోలేదు.

ఆ ‘అన్నా’ అనే పిలుపు కూడా అతనికి గిట్టేది కాదు. తనకు వరసైన పిల్లను కట్టుకున్నవాడు అన్నో తమ్ముడో అవుతాడు కనుక వెంకటేశప్ప అలా పిలవడంలో తప్పు లేదు. తప్పు లేకపోవడమే అతనికి కష్టంగా ఉండేది. టీకాలు వేయడానికి పరగోడు వచ్చినప్పుడల్లా డాక్టరు ఆ ఇంట్లో మజ్జిగ తాగిపోయేవాడు. ఆయన తాగిన లోటాను తిమ్మరాయప్ప తానే బావి దగ్గరికి తీసుకుపోయి తోమేవాడు. భార్య చెయ్యి పడనిచ్చేవాడు కాదు.

“మగోడు లోటాలు తోమే కాలం వచ్చె గదమ్మా” అని తల్లి చౌడమ్మ నవ్వేది. “డాక్టరు తాగిన లోటా మీద ఏం పురుగులుంటాయని నాయనా అంత తోముతాండావు?”

ఆ మాటకు లక్ష్మీనరసమ్మ నవ్వేది కాదు. పొయ్యి ఊదుకునేది.

అది యుద్ధం జరుగుతున్న కాలం. శెనక్కాయలు ఇంటికి చేరిన రోజులు. ఒకనాటి పొద్దున తిమ్మరాయప్ప సేద్యానికి బయలుదేరుతూ చూస్తే, భార్య వంటింటి గడప మీద మోకాళ్ళు పొట్టకు ఆనించుకుని కూర్చుని ఉంది. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

“ఏమైంది?”

“ఏమీ లేదు. గాలి పట్టింది. పచ్చి శెనక్కాయలు తింటి.”

లేచి నిలబడబోయి నిలబడలేకపోయింది. పెరట్లోకి పోయి వాంతి చేసుకుంది. చౌడమ్మ కోడలిని చాప మీద పడుకోబెట్టి బొటనవేలితో బొడ్డు అదిమి చూసింది.

“బొడ్డు జారింది. నీళ్ళ కడవ ఎగబడి ఎత్తింటావు” అని తేల్చింది.

బొడ్డు జారితే చేసే వైద్యం ఆ ఊళ్ళో ప్రతి ముసలమ్మకూ తెలుసు. చౌడమ్మ రాగిపిండి ముద్దను బొడ్డు మీద పెట్టి, అందులో వత్తి గుచ్చి వెలిగించి, పైన ఇత్తడి చెంబు బోర్లించింది. దీపం ఆరిపోయి చెంబు పొట్టను పట్టుకుంది. లోపల జారినదాన్ని చెంబు లాగి నిలబెడుతుందని నమ్మకం. చెంబును ఊడదీసేటప్పుడు లక్ష్మీనరసమ్మ పెట్టిన కేకకు వీధిలో పోతున్నవాళ్ళు ఆగారు. అత్త ఆముదం పట్టించింది. అదీ కడుపులో నిలవలేదు. తాగిన వెంటనే కక్కేసింది.

“ఇది నా చేతిలో పని కాదురా. బాగేపల్లికి బండి కట్టించు” అంది చౌడమ్మ.

“కట్టిస్తా” అని తిమ్మరాయప్ప బయటికి వచ్చాడు. కొట్టం దగ్గర సేద్యగాడు బైరప్ప అప్పటికే ఎద్దులను కాడికి తెచ్చి నిలబెట్టాడు. బండి తిన్నగా బాగేపల్లి పోతే ఏమవుతుందో తిమ్మరాయప్పకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. గది. బల్ల. బల్ల మీద భార్య. ఆమె పొట్ట మీద ఆ చెయ్యి. ‘యాడ నొప్పి నరసూ?’ అనే ఆ గొంతు. తను ఏ మూలనో నిలబడి ఉండాలి.

“సోమేనహళ్ళికి పో” అన్నాడు. “మునివెంకటప్ప పండితుణ్ణి ఎక్కించుకోని బిన్న రా, ఆలస్యం చెయ్యొద్దు.”

బైరప్ప నోరు తెరిచాడు. “బాగేపల్లి ఈడే గదప్పా, కేకేస్తే వినపడేంత దూరం. సోమేనహళ్ళి యాడ? ఈడ డాక్టరు మన సొంతమాయె...”

“సొంతం ఎవరికిరా?”

బైరప్ప ఎద్దుల తోకలు మెలిపెట్టాడు.

పండితుడు వచ్చేసరికి పొద్దు వాలింది. మునివెంకటప్ప ముసలివాడు, నిదానస్తుడు. నాడి చూశాడు, నాలుక చూశాడు. ఒకసారి దగ్గమ్మా అన్నాడు. ఆమె దగ్గలేక, కుడివైపు పొత్తికడుపును రెండు చేతులా పట్టుకుంది. ఆయన అరచెయ్యి పరిచి అక్కడ ఆనించీ ఆనించకుండా పెట్టి తీసేశాడు. కాలు చాపమన్నాడు. కుడికాలు చాపలేకపోయింది. ఆయన మరేమీ చెయ్యకుండా లేచి, తిమ్మరాయప్పను అరుగు మీదికి పిలిచాడు.

“బొడ్డూ కాదు, గాలీ కాదప్పా. లోపల యాడో చీము కడతాండాది. ఇది నా మందులకు లొంగేది కాదు. ఇంక ఆముదం గీముదం పొయ్యొద్దండి. నీళ్ళు గూడా వద్దు. బండి కట్టే ఉండాది కదా, ఇట్లే బాగేపల్లికి తీసకపోండి.”

తిమ్మరాయప్ప కట్టి ఉన్న బండి వైపు చూశాడు.

పండితుడు సంచిలోంచి చిన్న నల్లని గుళిక తీసి తమలపాకులో చుట్టాడు. “దీంట్లో నల్లమందు ఉండాది. ఇది మందని ఇయ్యలేదు. దోవకని ఇస్తాండా, బండి కుదుపులకు ఓర్చుకునేకి. వేసినాక నొప్పి నెమ్మదిస్తాది. నెమ్మదించిందని నిలబడిపోయేరు. నొప్పి నిద్రపోతాది గానీ జబ్బు నిద్రపోదు.”

బైరప్ప ఆయనను ఊరి చివరి దాకా దించి రావడానికి పోయాడు. అక్కడి నుంచి ఎవరిదో సోమేనహళ్ళి బండి ఉంది. తిమ్మరాయప్ప లోపలికి వెళ్ళి గుళిక వేయించాడు. కాసేపటికి భార్య పిడికిళ్ళు వదులయ్యాయి. కనుబొమల మధ్య ముడి విడింది. కళ్ళు మూసుకుంది.

“మునివెంకటప్పది మంచి చెయ్యిరా” అని చౌడమ్మ చేతులెత్తి మొక్కింది. “ఏమన్నాడు?”

“తగ్గిపోతాదన్నాడు” అన్నాడు తిమ్మరాయప్ప.

వాకిట్లో బండి ఆగింది. బైరప్ప గడప దగ్గరికి వచ్చి, “ఎద్దుల్ని విప్పేదా, పెట్టేదా?” అని అడిగాడు.

తిమ్మరాయప్ప భార్య ముఖం చూశాడు. ఎంత నెమ్మదిగా ఉందో. ఆ నెమ్మది తన ఇంట్లో, తన చేత్తో వేసిన గుళికతో వచ్చింది. బాగేపల్లి అవసరం లేకుండా వచ్చింది.

“విప్పు” అన్నాడు.

పెళ్ళయినప్పటి నుంచి అంత తేలిక మనసుతో అతను ఆమె పక్కన కూర్చోలేదు. చాలాసేపు విసనకర్రతో విసిరాడు. మధ్యలో ఆమె కళ్ళు తెరిచి అతన్ని చూసి, “మీరేంటికి విసిరేది?” అంది. ఉండనీ అన్నాడు. ఆమె కొంచెం నవ్వినట్టనిపించింది. ఆ నవ్వు తనకే, ఇంకెవరికీ కాదు.

మర్నాడు పొద్దున చౌడమ్మ కేకతో అతను లేచాడు. లక్ష్మీనరసమ్మకు నొప్పి లేదు. కడుపు మాత్రం ఉబ్బి ఉంది. ముక్కు పదునెక్కింది, కళ్ళు లోపలికి పోయాయి, నుదుటి మీద చల్లని చెమట. చౌడమ్మ కొడుకును అడగలేదు. తానే కొట్టంలోకి పోయి బైరప్పను బాగేపల్లికి పరుగెత్తించింది.

వెంకటేశప్ప సైకిలు మీద వచ్చాడు. తిమ్మరాయప్పకు దండం పెట్టి, చౌడమ్మను పలకరించి, చేతులు కడుక్కున్నాడు. తడి తుడుచుకుని రెండు అరచేతులూ రుద్ది వెచ్చబరచుకున్నాడు. చల్లని చెయ్యి తగిలితే కడుపు బిగుసుకుంటుందని చౌడమ్మకు చెప్పాడు. తిమ్మరాయప్ప ఆ చేతులనే చూస్తూ నిలబడ్డాడు.

“ఎప్పుడు మొదలాయె నరసూ?”

“నిన్న పొద్దున” అని తిమ్మరాయప్ప జవాబిచ్చాడు.

లక్ష్మీనరసమ్మ కళ్ళు మూసుకునే, “కాదు బావా, మొన్న” అంది. “శెనక్కాయలు ఒలిచేటప్పుడు. మొదట బొడ్డు చుట్టూ ఉండె. కడుపులో తిప్పె. తెల్లారేసరికి కుడిపక్కకు దిగె.”

“మొన్ననేనా! చెప్పలేదేమే?” అంది చౌడమ్మ.

“చెప్తే బాగేపల్లికి పోవల్ల అంటారని...” అంది లక్ష్మీనరసమ్మ. మిగతా మాట మింగేసింది.

ఆ గదిలో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. వెంకటేశప్ప తల వంచుకుని పొట్ట మీద చెయ్యి పెట్టాడు. ముందు ఎడమ పక్క, తరువాత పైన, చివరకు కుడి పక్క. అదిమి ఉన్నట్టుండి చెయ్యి ఎత్తేశాడు. ఆమె చిన్నగా మూలిగింది. అంతే. ఆయన నాడి పట్టుకున్నాడు. మళ్ళీ పొట్ట చూశాడు. అంత వడిగా కొట్టుకునే నాడీ, ఇంత నెమ్మదిగా ఉన్న పొట్టా ఆయనకు పొసగడం లేదని ముఖం చెబుతోంది. కనురెప్ప ఎత్తి చూసి లేచాడు.

“అన్నా, ఇట్ల రా.”

వాకిట్లోకి వచ్చాక నెమ్మదిగా అడిగాడు. “పండితుడు వచ్చిపోయెనని బైరప్ప చెప్పె. ఏమైనా ఇచ్చినాడా? నల్లమందేమైనా?”

“ఏమీ లేదు” అన్నాడు తిమ్మరాయప్ప. ఆ మాట అతని ప్రమేయం లేకుండానే నోట్లోంచి వచ్చేసింది.

వెంకటేశప్ప ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. “సరిగ్గా చెప్పన్నా. లోపల పేగు తోక ఒకటి వాచి చీము పట్టింది. దాంట్లో రెండు దోవలుండాయి. ఒక్కోసారి కడుపు తనకు తానే ఆ చీము చుట్టూ గోడ కట్టుకుంటాది. అప్పుడు కదిలించకూడదు. కూచున్నట్టు పడుకోబెట్టి, నోటికేమీ ఇయ్యకుండా కాచుకోవల్ల. ఇంత నెమ్మదిగా ఉండాదంటే అదే అనుకోవల్ల. అట్లయితే ఈడే ఉంచుతా, బస్సులో కుదిపితే ఆ గోడ తెగుతాది. నల్లమందు పడింటే మాత్రం ఈ నెమ్మది అబద్ధం. ఎప్పుడో పగిలిపోయింటాది. ఇప్పుడే చిక్కబళ్ళాపురం తీసకపోయి కడుపు కోయించల్ల. నువ్వు చెప్పేదాని మీద ఉండాదన్నా.”

ఆయన మళ్ళీ చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోయాడు. తిమ్మరాయప్ప ఆ నీళ్ళ చప్పుడు విన్నాడు. నిజం చెబితే గుళిక సంగతి చెప్పాలి. గుళిక సంగతి చెబితే అది దేనికిచ్చారో చెప్పాలి. ఎక్కడికి పొమ్మన్నారో చెప్పాలి. ఎందుకు పోలేదో చెప్పకపోయినా అందరికీ తెలిసిపోతుంది. ఈ మనిషి ముందర. లోకంలో ఇంకెవరి ముందరైనా చెప్పవచ్చు, ఈ మనిషి ముందర ఎట్లా?

గదిలోంచి ఎక్కిళ్ళు వినిపించాయి. ఆమెకు ఎక్కిళ్ళు మొదలయ్యాయి.

“ఇచ్చినాడు” అన్నాడు తిమ్మరాయప్ప. తొట్టి దగ్గరికి నడిచాడు. మళ్ళీ అన్నాడు. “ఇచ్చినాడు. నల్లమందే. దోవకని ఇచ్చినాడు. నీ దగ్గరికి పొమ్మని చెప్పి ఇచ్చినాడు. నొప్పి తగ్గితే నేనే బండి విప్పిస్తి.”

గడపలో నిలబడ్డ చౌడమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. “తగ్గిపోతాదన్నాడంటివి గదరా! నాతో అదే గదరా చెప్పింది!”

వెంకటేశప్ప తిట్టలేదు. తిట్టి ఉంటే తిమ్మరాయప్పకు కొంత ఊపిరి ఆడేది. తిరిగి ఒక మాట అనడానికైనా వీలుండేది. డాక్టరు చేతులు కూడా తుడుచుకోకుండా, “బైరప్పా, బండి కట్టు, గడ్డి మెత్తగా పరుచు” అని కేకేశాడు.

బాగేపల్లిలో బొగ్గు బస్సు కదలబోతూ దొరికింది. పెట్రోలు కరువై బస్సు వెనక బొగ్గు పొయ్యి కట్టి నడుపుతున్న రోజులవి. డాక్టరు ఒక మాట చెప్పగానే వెనక సీటు ఖాళీ చేశారు.

“నువ్వు ఎనక కూచోని ఆనించుకో అన్నా. పడుకోనియ్యొద్దు, చీము పైకి ఎక్కకూడదు” అని చెప్పి, తాను కింద బస్సు నేల మీద కూర్చుని నాడి పట్టుకున్నాడు.

ఆమె బరువంతా తిమ్మరాయప్ప రొమ్ము మీద ఉంది. చెయ్యి మాత్రం ఆయన చేతిలో ఉంది. ఎత్తు వచ్చినప్పుడల్లా బస్సు రొప్పుతూ ఆగిపోయేది. క్లీనరు దిగి పొయ్యి ఎగదోసేవాడు.

“ఏమప్పా, మేము దిగి తోయల్లనా, నీ బండికి ముద్ద పెట్టల్లనా?” అని ముందు సీటులోంచి ఒకాయన హాస్యమాడాడు. వెనక్కి తిరిగి ఆమె ముఖం చూసి నోరు మూసుకున్నాడు.

మధ్యలో ఒక కుదుపుకు ఆమె “అబ్బా” అని వేళ్ళు బిగించింది. బిగించింది వెంకటేశప్ప చేతిని. తిమ్మరాయప్ప చూశాడు. ఆ క్షణంలో కూడా, ప్రాణం పోతుందేమోనన్న ఆ దోవలో కూడా, అతని కడుపులో అదే మంట లేచింది. తన మీద తనకు అసహ్యం వేసింది. మంట మాత్రం ఆరలేదు.

చిక్కబళ్ళాపురం మిషన్ ఆస్పత్రిలో ఆ సాయంత్రమే కోశారు. పేగు తోక పగిలి చీము కడుపంతా పాకింది. కడిగి, పక్కన రబ్బరు గొట్టం పెట్టి కుట్టారు. బతుకుతుందని గానీ బతకదని గానీ పెద్ద డాక్టరు చెప్పలేదు. వెంకటేశప్ప మర్నాడు మొదటి బస్సుకు బాగేపల్లి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

లక్ష్మీనరసమ్మ గట్టెక్కుతున్నట్టే కనిపించింది. జ్వరం దిగింది. గంజి నీళ్ళు తాగింది. వార్డు చివర చిన్న గదిలో మంచం ఇచ్చారు. తిమ్మరాయప్ప ఆ గది వదల్లేదు. ముఖం తుడిచేవాడు, పక్క సర్దేవాడు, నర్సమ్మలు ఇది మగవాళ్ళు చేసే పని కాదన్నా వినేవాడు కాదు.

మళ్ళీ సాయంత్రాలు జ్వరం రావడం మొదలయింది. పెద్ద డాక్టరు రోజూ వచ్చి అడిగేవాడు. నొప్పి ఎక్కడైనా ఉందా? లేదు అనేది. విరేచనానికి పోయేటప్పుడు? లేదు. కూర్చుంటే? లేదు. చీము ఎక్కడో మిగిలి ఉండాలని, ఎక్కడుందో ఆమె చెప్పకపోతే కత్తి ఎక్కడ పెట్టాలో తెలియదని, ఇట్లాగే పోతే మనిషి నిలవదని ఆయన తిమ్మరాయప్పకు కన్నడంలో చెప్పాడు.

ఆ మధ్యాహ్నం వెంకటేశప్ప వచ్చాడు. జ్వరం రాసిన కాగితం చూసి నొసలు ముడిచాడు. మంచం పక్కన స్టూలు లాక్కున్నాడు.

“నరసూ, నొప్పి ఉండాదా?”

లక్ష్మీనరసమ్మ జవాబు చెప్పడానికి ముందు తల కొంచెం పక్కకు తిప్పి భర్త ముఖం చూసింది. ఒక్క చూపు. ఎండ ఎంత ఎక్కిందో చూసుకుని పనిలోకి దిగే మనిషి చూపు. ఆ తరువాత, “లేదు బావా” అంది.

ఆ చూపు తిమ్మరాయప్పకు కొత్త కాదు. ఏళ్ళ తరబడి చూస్తున్నాడు. అది గౌరవమనుకున్నాడు. పెద్ద డాక్టరు అడిగినప్పుడూ, నర్సమ్మలు అడిగినప్పుడూ ఆమె అలాగే చూసి లేదని చెప్పిందని ఇప్పుడు గుర్తుకొచ్చింది. తను పక్క వదలకుండా కూర్చున్నన్నాళ్ళూ ఆమెకు నొప్పి లేదు. తన ఇంట్లో ఇన్నేళ్ళూ జబ్బు లేనట్టే.

అతను లేచాడు.

“నేను బయట ఉంటా” అన్నాడు. డాక్టరును చూసి చెప్పడం కష్టమైంది. కిటికీ వైపు చూసి చెప్పాడు. “నేనుంటే చెప్పదు. నువ్వు అడుగు.”

వెంకటేశప్ప తలెత్తి ఏదో అనబోయాడు. తిమ్మరాయప్ప వినలేదు. బయటికి వచ్చి తలుపు తన చేత్తోనే దగ్గరికి వేశాడు.

వరండాలో ఎండ పడుతోంది. లోపల మొదట ఏమీ వినిపించలేదు. తరువాత డాక్టరు గొంతు, తగ్గించి. తరువాత ఆమె గొంతు.

“ఉండాది బావా. కిందికి. బాగా కిందికి. కూచుంటే ముల్లు మీద కూచున్నట్టుంటాది. దొడ్డికి పోతే ప్రాణం పోతాది...”

ఆమె చెబుతూనే ఉంది. మధ్యలో ఏడ్చింది. మళ్ళీ చెప్పింది. తనతో ఆమె ఒక్కసారిగా అన్ని మాటలు ఎన్నడూ మాట్లాడలేదని తిమ్మరాయప్పకు తెలుసు. తలుపు అవతల ఆ ఇద్దరే ఉన్నారు. ఒకసారి డాక్టరు ఏదో అన్నాడు, ఆమె ఏడుపులోనే నవ్వింది. తిమ్మరాయప్ప పాదం గడప వైపు కదిలింది.

పక్కనున్న స్తంభాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. ఇంకా చెప్పనీ, ఉన్నదంతా చెప్పనీ అనుకున్నాడు. అది చల్లారే మంట కాదని అతనికి అర్థమైంది. వార్డులోంచి నర్సమ్మ వచ్చి, లోపలికి పోరాదా, ఎండలో నిలబడ్డావేమని కన్నడంలో అడిగింది.

“మాట్లాడుతాండారమ్మా” అన్నాడు. “కానియ్యి.”